జాన్ సెల్డెన్ – జీవితం, గ్రంథాలు

పండితుని జీవితంలో చెప్పుకోదగిన సంఘటనలు ఏవీ ఉండవనీ, పుట్టడం, చదవడం, వ్రాయడం, గతించడం తప్ప అతని చరిత్రలో మరేమీ కానరాదనీ లోకంలో ఒక అభిప్రాయం ఉన్నది. చాలామంది పండితుల విషయంలో ఇది నిజమే కావచ్చు. కాని 17వ శతాబ్దిలో ఇంగ్లండు దేశాన జీవించిన జాన్ సెల్డెన్ విషయంలో మాత్రం ఈ మాట చెల్లదు. ఆయన వ్రాసిన ఒక గ్రంథం ఆయనను రాజు ఎదుట దోషిగా నిలబెట్టినది. మరొక గ్రంథం అదే రాజవంశానికి ఆయుధమైనది. ఒకటి చెరసాల గోడల నడుమ రూపు దాల్చినది. వేరొకటి, మూలశిల నశించిపోగా, ఆ శిలకు తానే ప్రతినిధియై నేటికీ నిలిచి ఉన్నది. కనుక ఆయన గ్రంథాల చరిత్ర చెప్పడమంటే ఆయన జీవితచరిత్ర చెప్పడమే.

సెల్డెన్ 1584 డిసెంబరు 16వ తేదీన ససెక్స్ మండలంలో, సముద్రతీరానికి దగ్గరగా ఉన్న సాల్వింగ్టన్ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. తండ్రి సామాన్య కర్షకుడు, సంగీతవాద్యంలో నేర్పరి. కుమారుని నామకరణం నమోదు చేసిన చర్చి పుస్తకంలో తండ్రి వృత్తిని గాయకుడని వ్రాశారు. తల్లి మాత్రం కెంటు మండలంలోని ఒక గౌరవ కుటుంబానికి చెందినది. బాలుడు చిచెస్టర్ పట్టణంలోని ఉచిత పాఠశాలలో చదివి, 1600లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలోని హార్ట్ హాల్‌లో ప్రవేశించాడు. అక్కడ పట్టం పుచ్చుకొనకుండానే 1602లో లండను చేరి, క్లిఫర్డ్స్ ఇన్ అనే న్యాయవిద్యాలయంలోనూ, రెండేండ్ల తరువాత ఇన్నర్ టెంపుల్‌లోనూ న్యాయశాస్త్రం అభ్యసించాడు. 1612లో న్యాయవాదిగా గుర్తింపు పొందాడు. అయితే న్యాయస్థానాలలో గొంతెత్తి వాదించడంకంటె ఇంటివద్ద కూర్చుండి ఆస్తిపత్రాలు పరిశీలించి సలహాలు చెప్పడమే ఆయనకు ఇష్టమైన పని. పాత దస్తావేజులను చదివే ఈ వృత్తివిద్యయే తరువాత ఆయన పరిశోధనకు పునాది అయినది.

ఆనాటి ఇంగ్లండులో ప్రాచీన విషయాన్వేషణ ఒక కొత్త విద్య. విలియం కామ్డెన్ 1586లో ప్రకటించిన బ్రిటానియా గ్రంథం ఆ దేశపు నాణెములను, శాసనములను, శిథిలములను విద్వాంసుల దృష్టికి తెచ్చినది. సర్ రాబర్ట్ కాటన్ మఠాల విధ్వంసంలో చెల్లాచెదరైన వ్రాతప్రతులను సేకరించి వెస్ట్‌మినిస్టర్ సమీపంలో గొప్ప గ్రంథాలయం నిర్మించాడు. యువకుడైన సెల్డెన్‌కు ఈ కాటన్ గ్రంథాలయం రెండవ ఇల్లు వంటిది. నాటకకర్త బెన్ జాన్సన్, కవి మైకేల్ డ్రేటన్ ఆయనకు ఆప్తమిత్రులు. డ్రేటన్ 1612లో ప్రకటించిన పోలీ ఓల్బియన్ అనే దీర్ఘకావ్యానికి సెల్డెన్ వ్యాఖ్య వ్రాశాడు. ఈ వ్యాఖ్యలో ఒక చమత్కారం ఉన్నది. కవి పురాణగాథలను నిజమని నమ్మి పాడుతూ పోగా, వ్యాఖ్యాత ప్రతి గాథ వద్దా ఆగి, ఈ కథకు ఆధారమేమి, దీనిని మొదట చెప్పినవాడు ఎవడు, వాడు ఆ సంఘటనకు ఎంత కాలం తరువాతివాడు అని ప్రశ్నిస్తాడు. ట్రాయ్ నుండి వచ్చిన బ్రూటస్ బ్రిటను రాజ్యాన్ని స్థాపించాడన్న కథను ఆయన నమ్మలేదు. స్నేహితుని కావ్యానికి స్నేహితుడే ఇట్టి వ్యాఖ్య వ్రాయడమూ, దానిని కవి సంతోషంగా తన కావ్యంతోపాటు అచ్చు వేయించడమూ ఇద్దరి పెద్దతనాన్నీ చూపుతున్నది.

అప్పటికే, 1610లో, ఇంగ్లండు ప్రాచీన న్యాయచరిత్రను గురించి జానీ ఆంగ్లోరమ్ అనే లాటిన్ గ్రంథాన్ని, ద్వంద్వయుద్ధ సంప్రదాయాన్ని గురించి ఒక చిన్న పుస్తకాన్ని ఆయన ప్రకటించి ఉన్నాడు. 1614లో టైటిల్స్ ఆఫ్ ఆనర్ వెలువడినది. రాజు, చక్రవర్తి, డ్యూకు, ఎర్ల్ మొదలైన బిరుదులు ఎక్కడ పుట్టినవి, ఏ కాలంలో ఏ అర్థంలో వాడినారు అనేది ఇందులోని విషయం. ఇది ఐరోపా బిరుదులతో ఆగలేదు. ఖలీఫా, సుల్తాన్, అమీర్, షా అనే ప్రాచ్య బిరుదుల చర్చ కూడా ఇందులో ఉన్నది. మన కళాశాలలో ఉర్దూ, ఫారసీ చదివే విద్యార్థులకు ఈ మాటలు నిత్యపరిచితములే; కాని 1614లో, లండను నగరంలో, ముప్పయి సంవత్సరాలైనా నిండని ఒక న్యాయవాది వీని మూలాలను వెదకుతూ కూర్చున్నాడంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ తరువాత 1617లో సిరియా దేవతలను గురించి ప్రకటించిన డీ డీస్ సిరిస్ అనే లాటిన్ గ్రంథం ఆయన కీర్తిని సముద్రం దాటించినది. బైబిలు పాతనిబంధనలో పేర్లు మాత్రమే కనిపించే బాల్, అష్టారోత్, దాగోన్ మొదలైన దేవతలు ఎవరు, వారిని కొలిచిన జాతులేవి అని ఇందులో విచారించాడు. 1629లో ఈ పుస్తకం హాలెండులోని లైడెన్ నగరంలో పునర్ముద్రణ పొందినది.

లాటిన్‌లో వ్రాయడమెందుకని నేటి విద్యార్థి అడుగవచ్చును. మన దేశంలో ఒకప్పుడు సంస్కృతానికీ ఫారసీకీ ఉండిన స్థానమే ఆనాటి ఐరోపాలో లాటిన్‌ది. పారిస్ పండితుడూ లైడెన్ పండితుడూ చదవాలంటే లాటిన్‌లోనే వ్రాయాలి. ఇంగ్లీషులో వ్రాస్తే సొంత దేశపు సామాన్య పాఠకుడు చదువుతాడు. సెల్డెన్ ఆపదను కొనితెచ్చుకున్నది ఇంగ్లీషులో వ్రాసిన పుస్తకం వల్లనే.

ఆ పుస్తకం పేరు హిస్టరీ ఆఫ్ టైథ్స్. 1618లో అచ్చయినది. రైతు పండించిన పంటలో, పెంచిన పశువులలో పదవ వంతు చర్చికి చెల్లించడం ఇంగ్లండులో చిరకాలంగా ఉన్న ఆచారం. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో పంటపై విధించే ఉష్ర్ అన్న మాటకు కూడా పదవ వంతు అనియే అర్థమని మన విద్యార్థులలో కొందరు ఎరుగుదురు. ఈ దశమభాగం దైవాజ్ఞ వల్ల తమకు సంక్రమించిన హక్కు అని, మానవశాసనాలకు దీనిపై అధికారం లేదని ఆనాటి చర్చి అధికారులు గట్టిగా చెప్పుచుండిరి. సెల్డెన్ ఈ వాదాన్ని ఎక్కడా సూటిగా ఖండించలేదు. ఆయన చేసినదల్లా చరిత్ర వ్రాయడం. యూదులు దశమభాగాన్ని ఎట్లా చెల్లించారో, గ్రీకులు, రోమనులు ఏమి చేశారో చెప్పి, క్రీస్తుశకాన్ని నాలుగు వందల సంవత్సరాల చొప్పున నాలుగు భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగంలో ఈ ఆచారం ఏ రూపంలో ఉన్నదో పత్రాల సాక్ష్యంతో చూపించాడు. మొదటి నాలుగు శతాబ్దులలో క్రైస్తవులు దశమభాగం చెల్లించినట్లు ఆధారాలు లేవని తేలినది. తరువాతి కాలంలో వచ్చిన చెల్లింపులకు ఆయా దేశాల ఆచారమూ, రాజశాసనమూ, దాతల దానపత్రమూ ఆధారాలుగా కనిపించినవి. గ్రంథకర్త తీర్పు చెప్పలేదు. కాని పుస్తకం మూసిన పాఠకునికి తీర్పు చెప్పుకొనడం కష్టం కాలేదు.

చర్చి వర్గాలు అగ్గి మీద గుగ్గిలమైనవి. రాజు మొదటి జేమ్స్ తానే పండితుడనని గర్వించేవాడు. మతవిషయాలలో వాదమంటే ఆయనకు చెవి కోసుకునేంత ఇష్టం. సెల్డెన్‌కు పిలుపు వచ్చినది. థియోబాల్డ్స్ భవనంలో రాజదర్శనానికి బెన్ జాన్సన్ ఆయనను వెంట తీసుకొని వెళ్లాడు. రాజు దీర్ఘంగా మాట్లాడాడు. కోపంగా మాట్లాడినట్లు లేదు. అంతేకాదు, ప్రాయశ్చిత్తంగానో పరీక్షగానో, మూడు విషయాలను గురించి వ్రాయమని పురమాయించాడు. బైబిలు చివరి గ్రంథంలోని 666 అనే సంఖ్య ఒకటి, ఆ గ్రంథాన్ని గురించి కాల్విన్ అభిప్రాయం ఒకటి, క్రీస్తు జన్మించినది డిసెంబరు 25వ తేదీయేనా అనే ప్రశ్న ఒకటి. సెల్డెన్ మూడింటినీ వ్రాసి ఇచ్చాడు. ఇంతటితో గండం గడిచినదనుకొనుటకు వీలు లేకపోయినది. 1619 జనవరిలో ఆయన మత విచారణాధికార సభ ఎదుట నిలబడి, అట్టి పుస్తకం ప్రచురించినందుకు విచారిస్తున్నానని వ్రాసి సంతకం చేయవలసి వచ్చినది. పుస్తకం అమ్మకం ఆగిపోయినది. అంతకంటె కఠినమైన శిక్ష మరొకటి పడినది. ఆయనకు వ్యతిరేకంగా రిచర్డ్ మాంటగ్యూ మొదలైనవారు ఖండన గ్రంథాలు వ్రాయవచ్చును. ఆయన మాత్రం వారికి సమాధానం వ్రాయరాదు. ఇది రాజాజ్ఞ.

ఈ క్షమాపణను గూర్చి తరువాతివారు పలువిధాల వ్యాఖ్యానించారు. పిరికితనమని నిందించినవారూ ఉన్నారు. ఆ పత్రాన్ని జాగ్రత్తగా చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. ప్రచురించినందుకు విచారం ఉన్నది. వ్రాసినది అబద్ధమన్న మాట ఎక్కడా లేదు. న్యాయవాది గదా, ఒక్కొక్క మాటను తూచి వేసినాడు. పిరికివాడే అయితే తరువాతి పది సంవత్సరాలలో ఆయన నడిచిన దారి మరొక విధంగా ఉండేది.

1621లో పార్లమెంటు సభ్యుల హక్కులు రాజు దయాధర్మమా లేక పూర్వులనుండి వచ్చిన సొత్తా అనే వివాదం రేగినది. సెల్డెన్ అప్పటికి సభ్యుడు కాడు. అయినా పాత పత్రాల సాక్ష్యం కావలసి వచ్చి సభవారు ఆయన సలహా తీసుకున్నారు. ఫలితంగా ఆయనను కొన్ని వారాలపాటు లండను షెరీఫు అదుపులో ఉంచారు. ఆ నిర్బంధంలో ఆయన ఏమి చేశాడు? కాటన్ గ్రంథాలయపు వ్రాతప్రతి నుండి, 12వ శతాబ్దికి చెందిన ఈడ్మర్ అనే సన్న్యాసి వ్రాసిన చరిత్రను పరిశీలించాడు. అది 1623లో ఆయన సంపాదకత్వాన అచ్చయినది. నిర్బంధంలో పడిన ప్రతిసారీ ఆయన ఒక పుస్తకంతో బయటికి రావడం ఇక్కడనే మొదలైనది.

1624లో లాంకాస్టర్ నుండి సభ్యుడై ఆయన పార్లమెంటులో ప్రవేశించాడు. చార్లెస్ రాజు బలవంతపు అప్పులు వసూలు చేయగా, ఇవ్వ నిరాకరించిన ఐదుగురు నైట్‌లను కారణం చెప్పకుండా కారాగారంలో పెట్టినప్పుడు, 1627లో వారిలో ఒకరి పక్షాన హెబియస్ కార్పస్ వాదన వినిపించిన న్యాయవాదులలో సెల్డెన్ ఉన్నాడు. మన రాజ్యాంగంలోని 32వ, 226వ అధికరణాల క్రింద న్యాయస్థానాలు జారీ చేసే ఆదేశాలలో హెబియస్ కార్పస్ ఒకటి. ఆ మాటకు పదును పెట్టిన వాదాలలో 1627 నాటి వాదం ముఖ్యమైనది. ఆ వ్యాజ్యం ఓడిపోయినది. ఓటమి నుండియే 1628 నాటి హక్కుల వినతిపత్రం పుట్టినది. పార్లమెంటు సమ్మతి లేక పన్ను వేయరాదనీ, కారణం చూపక ఎవనినీ నిర్బంధించరాదనీ చెప్పిన ఆ పత్రం తయారీలో సెల్డెన్ వెదకి తెచ్చిన పాత శాసనాలు, తీర్పులు ఎంతో ఉపకరించినవి.

ఈ రాజకీయ సంక్షోభం నడుమ ఆయన చేసిన మరొక పనిని విశేషించి చెప్పవలసి ఉన్నది. అరండెల్ ప్రభువు ప్రాచీన గ్రీకు శిల్పాలపై మక్కువ గలవాడు. ఆయన ప్రతినిధి విలియం పెట్టీ తురుష్క సామ్రాజ్యంలోని స్మిర్నా ప్రాంతంలో సంపాదించిన చలువరాళ్లు 1627లో లండను చేరినవి. వానిపై గ్రీకు శాసనాలున్నవి. వానిని చదవడానికి పాట్రిక్ యంగ్, రిచర్డ్ జేమ్స్ అనే మరి ఇద్దరు పండితులతో కలిసి సెల్డెన్ పూనుకున్నాడు. ఫలితం మార్మోరా అరుండెల్లియానా అనే గ్రంథం. ఆ రాళ్లలో ఒకటి పారోస్ ద్వీపానికి చెందినది. ఏథెన్సు నగరపు పౌరాణిక రాజు కెక్రోప్స్ కాలం మొదలుకొని క్రీ.పూ. 264 వరకు జరిగిన సంఘటనలను సంవత్సరాల లెక్కతో చెక్కిన శాసనం అది. ట్రాయ్ యుద్ధం ఎన్నేండ్ల క్రితం జరిగినది, హోమర్ ఎప్పటివాడు అని గ్రీకులు తామే వేసుకున్న లెక్క ఆ రాతిమీద ఉన్నది.

తరువాత అంతర్యుద్ధం వచ్చినది. అరండెల్ భవనం పాడుపడినది. ఆ శాసనశిల పై భాగాన్ని పనివారు ఒక పొయ్యి గూడు మరమ్మతుకు వాడివేశారని చెప్పుకుంటారు. మొత్తంమీద ఆ భాగం మరి దొరకలేదు. మిగిలిన ముక్క 1667లో ఆక్స్‌ఫర్డుకు దానంగా చేరి, నేడు ఆష్మోలియన్ ప్రదర్శనశాలలో ఉన్నది. 1897లో పారోస్ ద్వీపంలోనే క్రింది భాగపు ముక్క మరొకటి బయటపడినది. పోయిన పై భాగంలో ఏమి ఉండెనో లోకానికి తెలిసినది సెల్డెన్ తన పుస్తకంలో అచ్చు వేయించిన ప్రతి వల్ల మాత్రమే. రాయి శాశ్వతమనీ కాగితం అశాశ్వతమనీ అనుకుంటాము. ఇక్కడ రాయి పొయ్యిలో కలిసినది, కాగితం నిలిచినది. మన ఊళ్లలో దేవాలయ ప్రాంగణాలలోను, దర్గాల చెంత, పాడుపడిన కోటలలోను పడి ఉన్న శాసనాలను ప్రతి తీసి పెట్టవలసిన అవసరాన్ని చరిత్ర విద్యార్థులకు ఇంతకంటె బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

1629 మార్చి 2వ తేదీన పార్లమెంటులో ఒక అపూర్వ దృశ్యం జరిగినది. సభను వాయిదా వేయబోయిన స్పీకరును సభ్యులు కుర్చీలోనే అదిమి పట్టి, తీర్మానాలు చదివించారు. రెండు రోజుల తరువాత సెల్డెన్‌తోసహా ముఖ్యులను లండన్ టవర్‌లో బంధించారు. మొదట కొంతకాలం పుస్తకాలుగాని, వ్రాత సామగ్రిగాని దగ్గరకు రానీయలేదు. సత్ప్రవర్తనకు పూచీ ఇచ్చినట్లయితే విడుదల చేస్తామన్నారు. పూచీ ఇవ్వడమంటే తప్పు ఒప్పుకొనడమే గనుక ఆయనా, ఆయన సహచరులూ నిరాకరించారు. పదేండ్ల క్రితం క్షమాపణ పత్రంపై సంతకం చేసిన మనిషియే ఇతడు.

టవర్ నుండి ఆయన కాటన్‌కు ఒక ఉత్తరం వ్రాశాడు. వెస్ట్‌మినిస్టర్ గ్రంథాలయంలో ఉన్న తాల్ముద్‌ను తనకోసం ఎరువు తెప్పించమని అందులోని కోరిక. తాల్ముద్ యూదుల ధర్మశాస్త్ర మహాసముద్రం. ఇంగ్లండు రాజు 1290లోనే యూదులను దేశంనుండి వెళ్లగొట్టినాడు. వారు మరల రావడానికి 1656 దాకా పట్టినది. అంటే పాఠం చెప్పే యూదు గురువులు బహిరంగంగా కానరాని దేశంలో, చెరసాల గదిలో, ఒక క్రైస్తవ న్యాయవాది తాల్ముద్ పఠనానికి కూర్చున్నాడన్నమాట. ఆ చదువు ఆయన శేషజీవితాన్ని మార్చివేసినది. 1631లో హెబ్రీయుల దాయభాగ నియమాలపై మొదటి గ్రంథం వెలువడినది. ఆ ఏడే ఆయనకు జామీనుపై విడుదల లభించినది. కాటన్ మాత్రం అప్పటికి లేడు. ఆయన గ్రంథాలయానికి రాజాజ్ఞపై తాళాలు పడినవి; ఆ దిగులుతోనే ఆయన 1631లో కన్నుమూశాడు. పుస్తకాలకు తాళం వేస్తే మనుష్యులు చనిపోతారా అనేవారికి ఈ ఉదంతం జవాబు చెబుతుంది.

ఇక మారే క్లౌసుమ్ సంగతి. దీనికి మన తీరంతో కూడ కొంత సంబంధం ఉన్నది. 1603లో సింగపూరు జలసంధి దగ్గర డచ్చివారు ఒక పోర్చుగీసు నౌకను పట్టుకున్నారు. తూర్పు సముద్రాలు తమ సొత్తు అని పోర్చుగీసువారు అనగా, సముద్రం ఎవరి సొత్తూ కాదు, అందరికీ స్వేచ్ఛామార్గమని వాదిస్తూ డచ్చి పండితుడు హ్యూగో గ్రోషియస్ 1609లో మారే లిబెరుమ్ ప్రకటించాడు. ఆ వాదం గాలిలో పుట్టినది కాదు. డచ్చివారు 1605లో మన మచిలీపట్నంలో కాలు మోపారు; 1611లో ఇంగ్లీషు ఓడ గ్లోబు అదే రేవుకు వచ్చినది. తూర్పు సముద్రాల వర్తకం ఎవరి హక్కు అన్న ప్రశ్నకు కోరమండల్ తీరపు అద్దకం బట్టలు కూడా ఒక కారణమే.

అయితే తూర్పున స్వేచ్ఛ కోరిన డచ్చివారు ఇంగ్లండు తీరాలకు వచ్చి చేపలు పట్టుకొని పోవుచుండగా ఇంగ్లండు రాజుకు ఆ స్వేచ్ఛ రుచించలేదు. గ్రోషియస్‌కు సమాధానంగా సెల్డెన్ వ్రాసిన గ్రంథం మొదటి జేమ్స్ కాలంలోనే సిద్ధమైనది. డెన్మార్కు రాజుకు కోపం వస్తుందేమో అన్న సంకోచంతో ఆయన దానిని ఆపివేశాడు. చార్లెస్ కోరికపై 1635లో అది ప్రచురితమైనది. భూమివలె సముద్రం కూడా స్వామ్యానికి లోబడునదే అని ఒక ప్రతిపాదన. బ్రిటను చుట్టూ ఉన్న సముద్రానికి బ్రిటను రాజు ప్రభువు అని రెండవది. దీనిని చార్లెస్ ఎంత మెచ్చుకున్నాడంటే, మంత్రిమండలిలో, ఖజానాలో, నౌకాన్యాయస్థానంలో ఒక్కొక్క ప్రతి భద్రపరచవలసినదని ఆజ్ఞాపించాడు. టవర్‌లో పెట్టించిన చేతులే ఈ ఆజ్ఞపై సంతకం చేసినవి.

స్వేచ్ఛను ప్రేమించిన మనిషి సముద్రాన్ని మూసివేయమని వాదించడమేమి అని అడగవచ్చును. నా మట్టుకు నాకు ఇది ఆయన జీవితంలో అంతగా రుచించని ఘట్టం. జైలు నీడ ఇంకా పూర్తిగా తొలగని రోజులలో రాజుకు ఇష్టమైన పుస్తకం ప్రకటించడంలో స్వప్రయోజనం లేదని చెప్పడం కష్టం. కాని వాదం మాత్రం ఆయన పద్ధతికి విరుద్ధం కాదు. దైవదత్తమనీ ప్రకృతిసిద్ధమనీ అనుకొనే హక్కులను పత్రాల ముందు నిలబెట్టి ఆచారమేమి చెప్పుచున్నదని అడగడమే దశమభాగ చరిత్రలో ఆయన చేసినది. ఇక్కడా అదే చేశాడు. విచిత్రమేమంటే రాజు తల తెగిన తరువాత, 1652లో, డచ్చివారితో యుద్ధానికి దిగిన గణతంత్ర ప్రభుత్వం ఇదే పుస్తకాన్ని మార్చమాంట్ నీడమ్ చేత ఇంగ్లీషులోకి అనువదింపజేసినది. చివరకు మహాసముద్రాల విషయంలో లోకం గ్రోషియస్ పక్షమే వహించినది. తీరసముద్రం విషయంలో సెల్డెన్ మాటకు కొంత విలువ దక్కినది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒడంబడికలో 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాలు, 200 మైళ్ల ఆర్థిక మండలం అనే నియమాలు ఇద్దరి నడుమ కుదిరిన రాజీ వంటివి.

1640 తరువాత వెలువడిన గ్రంథాలు ఎక్కువగా హెబ్రూ, అరబీ విద్యలకు సంబంధించినవి. ఆ యేట ప్రచురించిన డీ జ్యూరే నాతురాలి అనే మహాగ్రంథంలో, నోవహు సంతతికి, అనగా సమస్త మానవజాతికి, దేవుడు ఏడు నియమాలు విధించాడన్న యూదు సంప్రదాయాన్ని ఆధారం చేసుకొని సకల జాతులకు సమానమైన ధర్మమేమని విచారించాడు. నోవహు ప్రవక్తనే మన ముస్లిం సోదరులు హజ్రత్ నూహ్ అంటారు. కవి జాన్ మిల్టన్ 1644లో గ్రంథ ముద్రణ స్వేచ్ఛను గురించి వ్రాసిన ప్రసిద్ధ ప్రబంధంలో ఈ పుస్తకాన్ని ఉదాహరించి, సెల్డెన్‌ను దేశంలోని విద్వాంసులలో అగ్రగణ్యుడుగా పేర్కొన్నాడు. 1646 నాటి ఉక్సోర్ ఎబ్రాయికా యూదుల వివాహ, విడాకుల నియమాల చరిత్ర. న్యాయసభలను గూర్చిన డీ సినెడ్రిస్ మూడు సంపుటాలు 1650 నుండి వచ్చినవి. చివరి సంపుటం ఆయన గతించిన తరువాత 1655లో వెలుగు చూసినది. ఈ పుస్తకాల శైలి కఠినం. వాక్యం మొదలుపెట్టి, నడుమ నాలుగు భాషల ఉదాహరణలతో ఎక్కడెక్కడికో పోయి, క్రియాపదం దగ్గరకు వచ్చేసరికి పాఠకుడు మొదలు మరచిపోతాడు. ఆయన అభిమానులు కూడ ఈ లోపాన్ని దాచలేదు.

1642లో అచ్చయిన ఒక చిన్న పుస్తకాన్ని మన పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. 10వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరంలో సయీద్ ఇబ్న్ బిత్రీఖ్ అనే వైద్యుడు క్రైస్తవ మతాధిపతి అయ్యాడు. యుటీకియస్ అన్నది ఆయన గ్రీకు పేరు. ఆయన అరబీ భాషలో వ్రాసిన చరిత్రకు నజ్ముల్ జౌహర్, అనగా రత్నమాల, అని పేరు. అందులో ఒక భాగాన్ని సెల్డెన్ అరబీ మూలంతో, లాటిన్ అనువాదంతో, దీర్ఘ వ్యాఖ్యతో ప్రకటించాడు. ఆది క్రైస్తవ సంఘంలో సామాన్య పెద్దలే తమలో ఒకనిని బిషప్పుగా ఎన్నుకొనేవారని అందులో ఉన్నది. బిషప్పుల అధికారంపై ఇంగ్లండు అట్టుడికిపోతున్న రోజులవి. ఒక అరబీ చరిత్ర లండను రాజకీయాలలో సాక్షిగా నిలబడినది! ఆ గ్రంథం యావత్తును ఆక్స్‌ఫర్డు అరబీ ఆచార్యుడు ఎడ్వర్డ్ పోకాక్ అనువదించగా, సెల్డెన్ పూనిక వల్ల అది అచ్చుకెక్కినది. ఆర్చ్‌బిషప్ లాడ్ 1636లో స్థాపించిన ఆ అరబీ ఆచార్యపదవికి చెందిన ఆదాయాన్ని, లాడ్ పతనానంతరం, ఆయన సొంత ఆస్తిగా భావించి స్వాధీనం చేసుకోగా, దానిని తిరిగి ఇప్పించినవారిలో సెల్డెన్ ముఖ్యుడు. లాడ్ ఆయనకు రాజకీయ ప్రత్యర్థి. అరబీ విద్యకు మాత్రం ప్రత్యర్థులు ఉండరాదని ఆయన తలంపు.

అంతర్యుద్ధ కాలంలో ఆయన పార్లమెంటు పక్షాననే ఉన్నాడు. 1640 నుండి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ప్రతినిధి. కాని ఏ పక్షానికీ పూర్తిగా లొంగలేదు. రాజు సైన్యసమీకరణ ఆజ్ఞ చట్టవిరుద్ధమని చెప్పిన నోటితోనే పార్లమెంటు సైన్య శాసనం కూడ చట్టవిరుద్ధమని చెప్పాడు. స్ట్రాఫర్డ్ ప్రభువుకు విచారణ లేకుండా శాసనం ద్వారా మరణశిక్ష వేయడాన్ని వ్యతిరేకించాడు. 1643 నాటి వెస్ట్‌మినిస్టర్ మతసభలో, జేబులో బంగారు అంచుల చిన్న బైబిలు పెట్టుకొని వచ్చి ప్రమాణాలు చూపే మతాచార్యులను, ఆ మాటకు హెబ్రూలో, గ్రీకులో అర్థం వేరు సుమా అని ఆయన నిలదీసేవాడట. 1645లో కేంబ్రిడ్జిలో ట్రినిటీ హాల్ అధ్యక్షపదవి ఇస్తామంటే వద్దన్నాడు. తన పుస్తకాలమీద గ్రీకు భాషలో ఒక చిన్న వాక్యం వ్రాసుకునేవాడు. అన్నిటికంటె మిన్న స్వేచ్ఛ అని దాని భావం.

1654 నవంబరు 30వ తేదీన, తన 70వ జన్మదినానికి పదహారు దినాల ముందు, లండనులోని వైట్‌ఫ్రయర్స్‌లో ఆయన గతించాడు. టెంపుల్ చర్చిలో సమాధి చేశారు. ఆర్చ్‌బిషప్ అషర్ అంత్యోపన్యాసం చేశాడు. భోజన సమయాల్లో ఆయన ఆడిన మాటలను లేఖకుడు రిచర్డ్ మిల్వర్డ్ వ్రాసి పెట్టుకొనగా అవి 1689లో టేబుల్ టాక్ అనే పేరుతో అచ్చయినవి. కఠిన గ్రంథాలు వ్రాసిన మనిషి ఇంత సరళంగా, ఇంత చమత్కారంగా మాట్లాడేవాడా అని లోకం విస్తుపోయినది. నేడు సామాన్యులు చదివే ఆయన పుస్తకం ఇది ఒక్కటే. సమస్త గ్రంథాలను డేవిడ్ విల్కిన్స్ 1726 నాటికి మూడు సంపుటాలుగా కూర్చాడు. న్యాయచరిత్ర పత్రాల ప్రచురణకు 1887లో మెయిట్లాండ్ ప్రభృతులు స్థాపించిన సంఘానికి సెల్డెన్ సొసైటీ అని పేరు పెట్టారు.

ఆయన సొంత గ్రంథాలయంలో సుమారు 8000 సంపుటాలు ఉండేవి. వానిలో హెబ్రూ, అరబీ, ఫారసీ, తురుష్క వ్రాతప్రతులు, మెక్సికో ఆదివాసుల చిత్రలిపిలోని మెండోజా గ్రంథం ఉన్నవి. చీనా వర్తకులు ఉపయోగించిన ఒక పెద్ద పటం కూడ ఉన్నది. చువాన్‌జౌ రేవు నుండి బయలుదేరే ఓడల దారులు దానిమీద గీసి ఉన్నవి. కాలికట్ దాటి ఏడెన్, హోర్ముజ్‌లకు పోయే మార్గం వివరం అంచున వ్రాసి ఉన్నది. దాని విలువ గుర్తించేవారు లేక చాలాకాలం చుట్టగానే పడి ఉండి, 2008లో ఒక చరిత్రకారుని కంట పడినది. ఈ సంపదలో అధికభాగం 1659లో ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయానికి చేరినది. పెట్టెలు విప్పి పుస్తకాలు సర్దుతున్నవారికి పుటల నడుమ అక్కడొకటి ఇక్కడొకటిగా కళ్లజోళ్లు దొరికినవట. చదువుతూ చదువుతూ గురుతుకోసం పెట్టి, మరచిపోయి, మరొక జోడు కొనుక్కొని ఉంటాడు. సర్దడానికి సాయం వెళ్లిన ఆంథొనీ వుడ్ అనే యువకునికి గ్రంథపాలకుడు వానిలో ఒక జోడు బహూకరించాడు. వుడ్ కూడా తరువాత ఆక్స్‌ఫర్డు చరిత్రకారుడుగా పేరు తెచ్చుకున్నాడు.